వేవిళ్ళకూ నొప్పులకూ నడుమ: గర్భిణి కటివేదన చరిత్ర

తెలుగులో 'నొప్పి' అని ఏకవచనంలో అంటే అది తలనొప్పి కావచ్చు, పంటినొప్పి కావచ్చు. విశేషణమేదీ లేకుండా 'నొప్పులు' అని బహువచనంలో అంటే, 'నొప్పులు వస్తున్నాయి', 'నొప్పులు పడుతోంది' అన్న వాక్యాలలో, అది ప్రసవవేదన ఒక్కటే. తొలినెలల బాధకు 'వేవిళ్ళు' అన్న మాట ఉంది. కాన్పు తరువాతి స్థితికి 'పచ్చిబాలింత' వంటి మాటలున్నాయి. వేవిళ్ళు తగ్గిన నాటినుంచి నొప్పులు మొదలయ్యే నాటివరకు గర్భిణికి తుంటిలోను, పిరుదుల పైభాగంలోను, ముందువైపు గజ్జల నడిమి ఎముక దగ్గరా కలిగే బాధకు మాత్రం వ్యవహారంలో ప్రత్యేకమైన పేరు కనిపించదు. 'నడుము నొప్పి' అంటారు. ఆ మాటకు జవాబుగా 'వట్టిమనిషివి కాదు కదా, ఉంటుందిలే' అన్న మాట వినబడుతుంది. ఆ జవాబులో ఓదార్పు ఉంది, బాధను పక్కకు నెట్టడమూ ఉంది.

నేటి వైద్యం ఈ బాధను మామూలు నడుము నొప్పి నుంచి వేరు చేసింది. 2008లో వెలువడిన ఐరోపా మార్గదర్శకాలు దీనిని శ్రోణిమేఖలలో పుట్టే వేదనగా నిర్వచించాయి. శ్రోణిమేఖల అన్నది మన జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు వాడే మాట: వెనుక త్రికాస్థి, ఇరుపక్కల తుంటి ఎముకలు, ముందు ఆ తుంటి ఎముకలు రెండూ కలిసే సంధి, ఇవన్నీ చేరిన వలయం. (మేఖల అంటే మొలనూలు. కావ్యనాయిక ఆభరణం ఎముకల గూటికి పేరైంది. ఈ విషయం మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.) నిర్వచనం ప్రకారం, తుంటి ఎముక వెనుక అంచు మొదలు పిరుదు కింది మడత వరకు, ముఖ్యంగా త్రికం తుంటితో కలిసేచోట నొప్పి ఉంటుంది. తొడ వెనుకకు పాకవచ్చు. ముందు సంధిలో దానితోపాటుగా గాని, విడిగా గాని రావచ్చు. ఎక్కువసేపు నిలబడే, నడిచే, కూర్చునే శక్తి తగ్గుతుంది. గర్భిణులలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ బాధ ఉంటుందని ఆ మార్గదర్శకాల అంచనా.

ఇంతమందికి కలిగే బాధను ప్రాచీనులు గమనించలేదనుకోవడం పొరపాటు. వైద్యులు గమనించారు, కవులు గమనించారు. అయితే గమనించిన ప్రతిచోటా దానిని మరొకదానికి గుర్తుగా చదివారు. వైద్యుడికి అది ప్రసవకాలం సమీపించిందనడానికి గుర్తు, కవికి మహాపురుషుడు పుట్టబోతున్నాడనడానికి గుర్తు, శస్త్రకారుడికి శిశువు వెలికి వచ్చే దారి తెరుచుకుంటుందనడానికి గుర్తు. స్త్రీ లేవడం, తిరగడం, నడవడం ఎంత కష్టంగా ఉన్నదన్నది లెక్కలోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఆ ఆలస్యం ఎక్కడెక్కడ ఎలా జరిగిందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రంలో కటి

సుశ్రుతసంహిత శారీరస్థానం శ్రోణిలో ఐదు ఎముకలను లెక్కించింది. గుద, భగ, నితంబ స్థానాలలో నాలుగు, త్రికంలో ఒకటి. సంధులను ఎనిమిది రకాలుగా విభజించినప్పుడు ఈ స్థానాల సంధులను 'సముద్గం' అనే వర్గంలో చేర్చింది. సముద్గమంటే మూత ఉన్న పెట్టె, భరిణె. తొడ ఎముక తుంటిలో కూర్చునే వంక్షణసంధి మాత్రం అక్కడ 'ఉలూఖలం', అంటే రోలు. బంతి, గిన్నె వంటి సంధికీ రెండంచులు ఒకదానిపై ఒకటి కుదురుకున్న సంధికీ గల భేదాన్ని వంటింటి వస్తువులతో ఇంత పొందికగా చెప్పడం ముచ్చట గొలుపుతుంది. అంతకన్నా ఆసక్తికరమైనది మరో విభాగం. సంధులు చేష్ట గలవి, స్థిరమైనవి అని రెండు విధాలని చెప్పి, కాళ్ళుచేతులలో, దవడలలో, కటిలో ఉన్నవి చేష్ట గలవనీ, తక్కినవి స్థిరమనీ సుశ్రుతం నిర్ణయించింది. కటిసంధులకు కదలిక ఉందా లేదా అని ఐరోపాలో శతాబ్దాలపాటు జరిగిన వాదం దృష్ట్యా ఈ మాట గమనింపదగినది. అయినా దీనిని ఆధునిక విజ్ఞానానికి ముందస్తు సాక్ష్యంగా ఊరేగించడం తగదు. 'కటి' అన్న మాట నడుము కింది భాగాన్నంతటినీ చెప్పగలదు. గర్భంతో ఆ కదలిక పెరుగుతుందని సుశ్రుతం ఆ సందర్భంలో చెప్పలేదు.

నొప్పి ప్రసక్తి వేరొకచోట వస్తుంది. ఆసన్నప్రసవ లక్షణాలను చెబుతూ, కడుపు వదులై, హృదయబంధం విడివడి, జఘనంలో శూల కలిగినప్పుడు ఆమె ప్రసవించనున్నదని తెలుసుకోవాలని సుశ్రుతం చెప్పింది. చరకసంహిత ఇంకా విస్తారంగా గజ్జలు, పొత్తికడుపు, కటి, ఉదరం, పక్కలు, వీపు అని స్థానాలను వరుసగా పేర్కొని, వాటిలో పొడిచినట్టుండే బాధను ప్రసవానికి ముందు గుర్తులలో చేర్చింది. రెండు సంహితలలోనూ స్థాననిర్దేశం కచ్చితం. నేటి వైద్యుడు చిత్రపటంపై గుర్తించమని అడిగే చోట్లు దాదాపు ఇవే. అయితే ఈ స్థానాలన్నీ ఒక ప్రశ్నకు జవాబుగా పుట్టినవి: కాన్పు ఎప్పుడు? ఐదో నెలలోనో ఆరో నెలలోనో మొదలై వారాల తరబడి ఉండే నొప్పి ఆ ప్రశ్నకు పనికిరాదు. అందువల్ల అది గ్రంథస్థం కాలేదు.

చికిత్సాపరంగా మాత్రం చరకం ఇచ్చినది తక్కువ కాదు. శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో గర్భిణికి నెలనెలా పాటించవలసిన ఆహారవిహారాలు చెప్పి, తొమ్మిదో నెలలో మధురద్రవ్యాలతో సిద్ధం చేసిన తైలంతో అనువాసనవస్తిని, తైలంలో తడిపిన పిచువును విధించింది. ఫలశ్రుతి చెప్పేటప్పుడు, ఈ క్రమాన్ని పాటించిన గర్భిణికి కుక్షి, కటి, పార్శ్వం, పృష్ఠం మృదువవుతాయని, వాతం అనుకూలగతిలో నడుస్తుందని, సుఖంగా సకాలంలో సద్గుణవంతుడైన కుమారుని కంటుందని పేర్కొంది. కటి మృదువు కావడం ఇక్కడ కోరదగిన ఫలితం. ఆ మార్దవమే కొందరికి బాధాహేతువు కావచ్చునన్న ఆలోచనకు ఈ చట్రంలో చోటు లేదు. ఎందుకంటే మార్దవం ఎవరికోసమో ముందే నిర్ణయమైపోయింది.

నిషేధాలలోనూ ఇదే తీరు. గొంతుకూర్చోవడం, ఎగుడుదిగుడుగానో గట్టిగానో ఉన్న ఆసనాలపై కూర్చోవడం, బండి ఎక్కడం గర్భిణికి కూడదని సంహితలు చెప్పాయి. కారణం గర్భానికి హాని. ఈనాటి వ్యాయామచికిత్సకులు కూడా ఒంటికాలిపై బరువు వేయవద్దనీ, గొంతుకూర్చుని లేవవద్దనీ, కుదుపుల ప్రయాణం తగ్గించమనీ చెబుతారు. కారణం ఆమె కీళ్ళు. రెండువేల ఏళ్ళ దూరంలో నిషేధం ఒకటే, ఎవరి మేలు కోరి అన్నదే మారింది.

కావ్యంలో లేచిన రాణి

సంస్కృత, తెలుగు కావ్యాలలో గర్భవర్ణన కవిసమయంగా స్థిరపడినది. దండి మహాకావ్యానికి చెప్పిన వర్ణనలలో కుమారోదయం ఒకటి. మన ప్రబంధాలు పాటించిన అష్టాదశవర్ణనలలోనూ అది చేరింది. వర్ణన పేరులోనే గర్భిణి లేదు, కుమారుడున్నాడు. చెలువం తగ్గిన ముఖం, నల్లబడిన చూచుకాలు, మట్టిపై కోరిక, అలసట వరుసగా వస్తాయి. చూడగలిగినవి, పోల్చగలిగినవి ఎంపికయ్యాయి. నొప్పి కంటికి కనబడదు కనుక ఉపమానానికి లొంగదు.

దీనికి ఒక గొప్ప మినహాయింపు రఘువంశం తృతీయసర్గలో ఉంది. దిలీపుడు అంతఃపురానికి వస్తాడు. సుదక్షిణ ఆసనం నుంచి ప్రయత్నపూర్వకంగా లేస్తుంది. ఉపచారంగా జోడించిన చేతులు అలసి ఉన్నాయి, కళ్ళు చలిస్తున్నాయి. ఆమెను అలా చూచి రాజు ఆనందించాడు. కూర్చున్నచోటి నుంచి లేవడం కష్టమవడమన్నది ఈ వేదనకు నేటి వైద్యంలో అతిముఖ్యమైన లక్షణాలలో ఒకటి. కాళిదాసు ఒక సమాసంలో దానిని పట్టుకున్నాడు. అయితే ఆ కష్టానికి కారణం లోకపాలుర అంశలు ఆశ్రయించిన గర్భం బరువని ఆ శ్లోకమే చెబుతుంది. రాణి ప్రయత్నం రాజుకు శుభవార్త. ఈ శ్లోకాన్ని సంజీవనీవ్యాఖ్యతో కలిపి చదివే సంప్రదాయం మనది. వ్యాఖ్యాత కోలాచల మల్లినాథుడు మెదకు సీమలోని కొల్చారానికి చెందినవాడు కనుక, ఆ చదువులో తెలుగువారి పాలు మరింత. పాఠం చెప్పేటప్పుడు లోకపాలాంశల దగ్గర ఆగుతాం. లేవడానికి ఆమెకెందుకు అంత ప్రయత్నం కావలసివచ్చిందో అడగం. అది కేవలం కడుపు బరువేనా? దిలీపుని ఆనందం ఆ ప్రశ్నకు అడ్డుపడుతుంది.

పదాల సంగతి ఇంకొకటి. జఘనం, శ్రోణి, నితంబం, కటి. ఇవే మాటలు సుశ్రుతంలో శూలకు స్థానాలు, కావ్యంలో సౌందర్యానికి స్థానాలు. మేఘసందేశంలో యక్షుని భార్య నడక మెల్లనిది కావడానికి శ్రోణీభారం కారణమని కవి వర్ణించాడు. మన ప్రబంధాలలో జఘనభారంతో మెల్లగా నడిచే నాయికలకు లోటు లేదు. మందగమనం అందమైనప్పుడు, నొప్పివల్ల మెల్లగా నడిచే గర్భిణి నడక కూడా ఆ అందంలోనే కలిసిపోతుంది. ఒక అవయవానికి ఉన్న పేర్లన్నీ శృంగారం స్వాధీనం చేసుకున్న భాషలో, అక్కడ నొప్పిగా ఉందని నలుగురిలో చెప్పడం సులభం కాదు. 'నడుము' అన్న మాట వెనుక దాగడానికి ఇది ఒక కారణమై ఉండవచ్చునని నా ఊహ. నిఘంటువుల, మాండలికాల సాక్ష్యంతో దీనిని పరీక్షించవలసి ఉంది.

పాటలో తాళ్ళు

స్త్రీల పాటలలో పరిస్థితి వేరు. కృష్ణశ్రీ సంకలనం చేయగా 1955లో ఆంధ్రసారస్వత పరిషత్తు ప్రచురించిన స్త్రీల రామాయణపు పాటలను ఆధారం చేసుకుని వెల్చేరు నారాయణరావు 1991లో ప్రకటించిన ఆంగ్లవ్యాసం పరిశోధకులకు సుపరిచితం. ఆ వ్యాసం ఎత్తిచూపిన ఘట్టాలలో కౌసల్య పురుడు ముఖ్యమైనది. మంత్రసాని వస్తుంది, కౌసల్య వీపు తట్టి భయపడవద్దంటుంది. చుట్టూ ఉన్న స్త్రీలు ఆమె ఒంటిమీది బరువైన నగలు తీసివేస్తారు. దూలాలకు తాళ్ళు కట్టి ఆమెచేత పట్టిస్తారు. కౌసల్య ఈ బాధ ఓర్చుకోలేనని, క్షణమొక యుగంలా సాగుతున్నదని తల్లిని తలచుకుంటుంది. వాల్మీకిలో పాయసం తాగడానికీ రాముడు పుట్టడానికీ నడుమ ఇటువంటిదేమీ లేదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, బాధపడే మనిషే మాట్లాడుతుంది. పుట్టబోయేవాడు విష్ణువన్న సంగతి ఆ నిమిషంలో ఆమె నోట రాదు. రెండవది, తాళ్ళు. శరీరం నిటారుగా ఉండి, చేతులు బరువులో కొంత పంచుకునే ఏర్పాటు అది. పాట దానిని బంగారు తాళ్ళుగా, పట్టుతాళ్ళుగా అలంకరించినా, దూలానికి తాడు కట్టడమన్నది ఏ ఇంట్లోనైనా సాధ్యమే. ఏ శాస్త్రం పేరూ చెప్పని నైపుణ్యమది. నగలు తీసివేయడం కూడా అటువంటిదే. ఒంటిమీద ఒక్క తులం బరువు తగ్గినా మేలే అన్నది అనుభవజ్ఞుల మాట.

అయితే పాటలలోనూ వేవిళ్ళకు ఒక ఘట్టం, పురుటికి ఒక ఘట్టం. నడిమి నెలలు సీమంతానివి. చలిమిడి పెట్టడం, గాజులు తొడగడం, పూలు ముడవడం, హారతులు. ఇవి వేడుకలు. పీటమీద గంటసేపు కదలకుండా కూర్చోబెట్టడం కటివేదన గల స్త్రీకి పరీక్షే అయినా, ఆ మాట పైకి అనడం అశుభం. అదే సమయంలో ఉపశమనానికి సంఘం చేసిన అసలైన ఏర్పాటు కూడా ఈ నెలలలోనిదే. తొలి చూలుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకురావడం. నీళ్ళబిందె చంకనెత్తుకోవడం, గొంతుకూర్చుని కత్తిపీట ముందు గంటలు గడపడం, వాకిట వంగి ముగ్గు వేయడం పుట్టింట తప్పుతాయి, లేదా తగ్గుతాయి. బిందె చంకన పెట్టుకున్నప్పుడూ, పెద్దబిడ్డను నడుముమీద కూర్చోబెట్టుకున్నప్పుడూ బరువంతా ఒక తుంటిపై పడుతుంది. నేటి చికిత్సకులు మానమని చెప్పే పనులలో మొదటి వరుసలోవి ఇవే. పుట్టిల్లు పేరుతో మూడు నెలల విశ్రాంతి ఇచ్చిన సంప్రదాయం, దాని కారణం చెప్పకపోయినా, ఫలితం ఇచ్చింది. అది రెండవ కాన్పుకు తరచు దక్కదన్నదీ, నాట్లలోనూ కలుపులోనూ వంగి పనిచేసి ఏ పూటకాపూట కూలి తెచ్చుకునే స్త్రీకి మొదటి కాన్పుకే దక్కదన్నదీ మరువరాదు. చేలో వంగినవారి నడుము నొప్పిలో ఎంత గర్భంవల్ల, ఎంత పనివల్ల అన్నది విడదీసినవారు లేరు.

ఎముకల వాదం

నేడు మన ఆసుపత్రులలో వాడే పరిభాష, పరీక్షలు ఐరోపా ప్రసూతిశాస్త్రం నుంచి వచ్చినవి కనుక అక్కడి చరిత్రను కూడా చూడాలి. తొలిచూలు స్త్రీలకు ప్రసవంలో తుంటి, నడుము భాగాలలో బాధ ఎక్కువనీ, అందుకు కారణం తుంటి ఎముకలు విడివడడమేననీ గ్రీకు హిపోక్రటీసు సంప్రదాయ గ్రంథాలలో ఉంది. తరువాతి శరీరశాస్త్రజ్ఞులు దీనిని ఒప్పుకున్నవారు, ఒప్పుకోనివారు అని రెండు పక్షాలయ్యారు. పదహారో శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే మొదట ఒప్పుకోలేదు. ప్రసవమైన కొద్దిరోజులకే ఉరితీయబడిన ఒక స్త్రీ శరీరంలో ముందు ఎముకలు విడివడి ఉండడం చూచి అభిప్రాయం మార్చుకున్నాడు. వాదం ఒక మెట్టు ఎక్కింది. కాని సాక్ష్యమిచ్చిన స్త్రీ శవం. చివరి నెలల్లో ఆమె ఎలా నడిచిందో అడగడానికి వీలులేదు, అడగాలన్న ఆలోచనా ఉన్నట్టు లేదు.

సంధి విడివడుతుందంటే, దానిని మనమే విడదీయవచ్చు కదా అన్న ఆలోచన తరువాతిది. 1777లో పారిస్‌లో జాఁ రెనే సిగో అనే వైద్యుడు సూషో అనే స్త్రీకి ముందు సంధిని కోసి బిడ్డను సజీవంగా బయటకు తీశాడు. ఆమె అంతకుముందు కన్న బిడ్డలెవరూ బతకలేదు. వైద్యసంఘం ఆయన గౌరవార్థం పతకం ముద్రించింది. సూషో ఆ తరువాత సరిగా నడవలేకపోయింది, మూత్రం నిలుపుకోలేకపోయింది. పతకం చరిత్రలో మొదటి పేజీకి ఎక్కింది, నడక పాదసూచికలోకి వెళ్ళింది. సిజేరియన్ అంటే తల్లికి దాదాపు మరణమే అయిన ఆ రోజులలో సిగో చేసినదానిని తేలికగా కొట్టివేయలేం. కాని అదే శస్త్రచికిత్స, సిజేరియన్ సురక్షితమైన తరువాత కూడా, ఐర్లండులో 1940ల నుంచి 1980ల దాకా సుమారు 1,500 మంది స్త్రీలకు జరిగింది. పలుమార్లు సిజేరియన్ చేస్తే ఇక బిడ్డలు వద్దనుకుంటారన్న మతపరమైన ఆందోళన దానికి వెనుక ఉన్న కారణాలలో ఒకటి. చాలామందికి ఏమి చేస్తున్నారో చెప్పనేలేదు. దశాబ్దాలపాటు నడుము, తుంటి నొప్పులతో, నడక కష్టంతో బతికిన ఆ స్త్రీలు వృద్ధాప్యంలో సంఘటితమై పోరాడగా ప్రభుత్వం పరిహార పథకం పెట్టింది. 2016 నివేదిక ప్రకారం దరఖాస్తు చేసిన 590 మందిలో 399 మందికి పరిహారం అందింది. సంధిని దారిగా మాత్రమే చూచిన చూపు ఇరవయ్యో శతాబ్దం చివరి పాదం వరకు సాగిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఈ వరుసలో తొలి మలుపు 1870లో వచ్చిందని చెప్పవచ్చు. అమెరికన్ వైద్యుడు స్నెల్లింగ్ ఆ సంవత్సరం ప్రచురించిన వ్యాసంలో కటిసంధుల సడలింపు గర్భకాలంలో క్రమంగానో, ప్రసవం తరువాత హఠాత్తుగానో కనబడుతుందనీ, నడకను గట్టిగా అడ్డుకుంటుందనీ, వింతైన, కలవరపెట్టే అనుభూతులను కలిగిస్తుందనీ రాశాడు. ఎముకల దూరంతోపాటు నడక, అనుభూతి కూడా వైద్యవర్ణనలో చేరాయి. అయినా పరిశోధన వెంటనే ఆ దారి పట్టలేదు. 1926లో ఫ్రెడరిక్ హిసా చూలు జంతువుల రక్తరసాన్ని చూలు లేని గినీపందులకు ఎక్కించి వాటి కటిస్నాయువులు సడలడం చూపాడు. ఆ పదార్థానికి రిలాక్సిన్ అన్న పేరు వచ్చింది. సడలింపుకు హార్మోను దొరికింది కనుక నొప్పికి కారణం దొరికిందని అందరూ అనుకున్నారు. తరువాతి కొలతలు ఆ సులభమైన సమాధానాన్ని నిలబడనీయలేదు. ముందు సంధి మామూలుగా 4–5 మిల్లీమీటర్లు ఉంటుంది, గర్భంలో మరో 2–3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ పెరుగుదల నొప్పి లేనివారిలోనూ ఉంది. రక్తంలో రిలాక్సిన్ ఎక్కువున్న వారికే నొప్పి ఎక్కువన్న నియమం స్థిరపడలేదు. కీళ్ళ సడలింపును కండరాలు ఎంత బాగా ఆదుకుంటున్నాయి, బరువు ఒక తుంటినుంచి మరో తుంటికి ఎలా మారుతున్నది అన్న ప్రశ్నలు ముందుకు వచ్చాయి.

పేరు విషయంలోనూ ఈ మార్పు తెలుస్తుంది. నార్వే భాషలో ఈ బాధకు వ్యవహారనామం 'కటి సడలడం' అన్న అర్థం గలది. ఎముకలు ఊడిపోతాయేమోనన్న భయాన్ని ఆ మాట కలిగిస్తుంది కనుక అక్కడి వైద్యులు 'కటినొప్పులు' అన్న అర్థం గల మాట వైపు మళ్ళారు. బ్రిటన్‌లో ముందు సంధి 'వైకల్యం' అన్న పాతపేరు స్థానంలో శ్రోణిమేఖలా వేదన అన్నది వచ్చింది. సంధి పేరుతో పిలవడం మాని బాధ పేరుతో పిలవడం మొదలైంది.

ప్రయత్నానికి కొలత

1999, 2001 సంవత్సరాలలో నెదర్లాండ్స్‌లో యాన్ మెన్స్ బృందం ప్రచురించిన పరీక్ష ఎంతో సరళమైనది. స్త్రీ వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా ఒక కాలిని 20 సెంటీమీటర్లు ఎత్తుతుంది. అది ఎంత కష్టమైందో సున్నా నుంచి 5 వరకు తానే అంకె చెబుతుంది. తరువాత రెండో కాలు. యంత్రం లేదు, ఛాయాచిత్రం లేదు. వైద్యుడు కొలిచేది ఆమె ప్రయత్నాన్ని, కొలమానం ఆమె మాట. సుదక్షిణ లేవడంలో కాళిదాసు చూచిన 'ప్రయత్నం' ఇక్కడ మొదటిసారి అంకెగా మారింది, అదీ రాణి చెప్పిన అంకెగా. తుంటిని వెనక్కు నొక్కి వెనుకసంధిలో నొప్పి పుడుతుందో లేదో చూసే పరీక్షను అంతకుముందే, 1994లో, స్వీడన్‌లో ఓస్ట్‌గార్డ్ బృందం ప్రకటించింది. 2011లో నార్వేలో బ్రిత్ స్టూగె బృందం తయారుచేసిన ప్రశ్నావళిలో 25 అంశాలలో 20 రోజువారీ పనులకు సంబంధించినవి. బట్టలు వేసుకోవడం, నిలబడడం, వంగడం, మెట్లెక్కడం, పక్కమీద ఒత్తిగిలడం వంటివి.

కొలత వచ్చాక చికిత్సలను పోల్చడం సాధ్యమైంది. 2004లో స్టూగె బృందం ప్రసవానంతర నొప్పి గల 81 మంది స్త్రీలపై జరిపిన పరిశీలనలో, కటిని స్థిరపరచే వ్యాయామాలను 20 వారాలపాటు ఒక్కొక్కరికి తగినట్టు నేర్పినవారికి నొప్పి బాగా తగ్గింది. ఆ మేలు రెండేళ్ళ తరువాత కూడా నిలిచింది. 2005లో స్వీడన్‌లో ఎల్డెన్ బృందం 386 మంది గర్భిణులను మూడు వర్గాలు చేసి చూసింది. మామూలు సలహాలు, కటిపట్టీ మాత్రమే పొందినవారికంటే, వాటితోపాటు ఆక్యుపంక్చర్ గాని వ్యాయామాలు గాని పొందినవారికి ఉపశమనం ఎక్కువ కలిగింది, అందులోనూ ఆక్యుపంక్చర్‌తో మరికాస్త మెరుగు. పూర్తిగా పోగొట్టే మందు ఏదీ లేదు. భరించే తీరు ఉంది: కూర్చునే బట్టలు మార్చుకోవడం, మోకాళ్ళు కలిపి ఉంచి ఒత్తిగిలడం, మోకాళ్ళ మధ్య దిండు, మెట్టుకొకసారి ఆగి ఎక్కడం, బరువును రెండు చేతులకూ పంచడం, నొప్పి పెరగకముందే ఆగడం. రక్తస్రావమో, వచ్చిపోతూ బిగిసే నొప్పో ఉంటే మాత్రం అది వేరు సంగతి. సుశ్రుతుడు అడిగిన ప్రశ్నే అప్పుడు మొదటి ప్రశ్న.

ఈ సలహాల వెనుక ఒక ఇల్లు ఉంది. కుర్చీ, మంచం, ఎత్తయిన పొయ్యిగట్టు ఉన్న ఉత్తర ఐరోపా ఇల్లు. చాపమీద పడుకుని నేలమీదినుంచి లేచే స్త్రీకి 'మంచం అంచున కూర్చుని కాళ్ళు రెండూ ఒకేసారి దించండి' అన్న సూచన అర్థం కాదు. తెలుగులో స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీల ప్రశ్నలనుంచే మొదలుపెట్టిన 'సవాలక్ష సందేహాలు' వంటి పుస్తకం వెలువడి మూడు దశాబ్దాలు దాటింది. వైద్యానువాదానికి కావలసిన దారి అది చూపింది. స్టూగె ప్రశ్నావళి వంటిదానిని తెలుగు చేయబూనితే మాటకు మాట పెడితే చాలదు. పీటమీదినుంచి లేవడం, బావిలో చేదడం గాని బోరింగు కొట్టడం గాని, బిందె దించడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకూర్చునే మరుగుదొడ్డి, బస్సు మెట్టు, నాట్లు, చంటిపిల్లను చంకనెత్తుకోవడం అన్నవి అంశాలుగా చేరాలి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మాండలికాలలో తుంటికీ గజ్జకూ పిరుదుకూ స్త్రీలు తమలో తాము వాడుకునే మాటలేవో, వైద్యుని ముందు వాడే మాటలేవో సేకరించి పక్కపక్కన పెట్టాలి. ఆ పని భాషాశాఖలది.